ఒకసారి దగ్గితే ఎరుపు

వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. దర్జీ కొట్టు చొక్కాలకు కాజాలు కుట్టిపెట్టేది కాబట్టి అందరికీ కాజాలావిడే. ఇంటి వెనక గదిలో, పెరటివైపు కిటికీ కింద ముక్కాలి పీట వేసుకుని, ఒళ్ళో చొక్కా పరచుకుని రోజుకి పది చొక్కాలు తెమిల్చేది. చొక్కాకి ఏడు కాజాలు. ముప్పయ్యేళ్ళు సూది నెట్టి నెట్టి ఆమె కుడి మధ్యవేలి కొస కాయకాచి గింజలా గట్టిపడింది. ఆమె కుట్టుకి ఎవరూ వంక పెట్టలేదు. మనిషి కూడా అలాంటిదే, నోరెత్తదని పేరు. ఒక్క దగ్గు మాత్రం ఉండేది.

ఆ దగ్గు సంగతి చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

ఆయన, అంటే ఆమె భర్త, నూలు మిల్లులో టైమ్‌కీపరు. గేటు పక్కన గాజు గదిలో కూర్చుని ఎవరెవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో రిజిస్టర్లో గుర్తులు పెట్టడం ఆయన ఉద్యోగం. ఆయన పెరిగిన ఊరి దగ్గర, కొండల్లో, ఇరుకు పట్టాల రైలొకటి నడిచేది. పట్టాల మధ్య రెండున్నర అడుగుల ఎడం, బొమ్మలాంటి ఇంజను, వెనక నాలుగు పెట్టెలు. ఆ బండికి గార్డు కావాలని ఆయన కోరిక. ఇరవై రెండో ఏట పరీక్ష రాసి పాసయ్యాడు కూడా. చివర్లో కళ్ళ డాక్టరు రంగురంగుల చుక్కలున్న పుస్తకం ముందుపెట్టి, ఇందులో అంకె ఎంతో చెప్పమన్నాడు. ఆయనకి అంకె కనిపించలేదు. డాక్టరు పేజీ తిప్పాడు. అక్కడా కనిపించలేదు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఆయన కళ్ళకి ఒకటే మట్టిరంగు. "ఈ కళ్ళేసుకుని జెండా ఊపుదామనే వచ్చావా?" అని డాక్టరు నవ్వాడు. సూదిమందు కలుపుతున్న కాంపౌండరు కూడా తలెత్తి నవ్వాడు.

ఆ తర్వాత ఆయన ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. మిల్లులో ఎర్ర పెన్సిలు కొసన చాకుతో గాటు పెట్టుకున్నాడు, వేలు తగిలితే తెలిసేలా. పెళ్ళయిన నెలలో ఆమెకి ఒక శాలువా కొనుక్కొచ్చి, "నీకు ఎరుపు బాగుంటుంది," అన్నాడు. అది చిగురాకు రంగు శాలువా. కొత్త పెళ్ళికూతురు, పరాచికమాడుతున్నాడనుకుని పకపకా నవ్వింది. ఆయన తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. పదో రోజున విషయం చెప్పి, చచ్చినా బయటపెట్టనని ఒట్టు వేయించుకున్నాడు. అప్పుడే ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. బజార్లో గాని, ఎవరింట్లో గాని, రంగు మాట వచ్చినప్పుడు ఆయన ఆమెవైపు చూస్తాడు. ఆమె ఒకసారి దగ్గితే ఎరుపు. రెండుసార్లు దగ్గితే పచ్చ.

అలా ముప్పై ఒక్కేళ్ళు దగ్గింది. పాపం ఊపిరితిత్తులు బలహీనమని ఇరుగమ్మా పొరుగమ్మా కషాయాలు కాచి తెచ్చిచ్చేవాళ్ళు. గిన్నె తిరిగిచ్చేటప్పుడు కొంచెం నయంగా ఉందని చెప్పేది. ఆయనకి అది వేళాకోళం. నలుగురు కూర్చున్నచోట, "మా ఆవిడకి వచ్చిన విద్య ఒక్కటే, దగ్గడం," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అందులో ఎంత విషం ఉందో తెలిసింది ఇద్దరికే. పిల్లలు కలగలేదు. లోపం ఎవరిదో ఏ డాక్టరూ చెప్పలేదు గాని, ఆమెదేనని ఆయన తేల్చేశాడు. చెయ్యి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. అన్నం వడ్డించడం నాలుగు నిమిషాలు ఆలస్యమైతే గోడ గడియారం వైపు చూసి, ఆమె వైపు చూసి, మళ్ళీ గడియారం వైపు చూసేవాడు. అంతే.

ఆయన యాభై దాటాక కొండ లైను ఎత్తేశారని పేపర్లో పడింది. పట్టాలు పీకి ఇనుముగా తూకానికి అమ్మేశారట. ఆ ఆదివారమే ఆయన టేపు పట్టుకుని పెరట్లోకి దిగాడు. అరవై అడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు పెరడు. బట్టలుతికే బండ, కుళాయి, ఆమె వేసుకున్న వంగమొక్కలు, వెనక గోడ దగ్గర నిమ్మచెట్టు. కొండ లైనునంతా చిన్నది చేసి అక్కడ మళ్ళీ వేస్తానన్నాడు. నిజం బండి లాగే ఆవిరితో నడవాలి, సొరంగం ఉండాలి, వంతెన ఉండాలి, మూడు స్టేషన్లు ఉండాలి.

ఆరేళ్ళు పట్టింది. పని మాత్రం పనే. ఆయన మీద ఎంత కోపమున్నవాళ్ళైనా ఆ మాట కాదనలేరు. రెండు పట్టాల మధ్య నలభై అయిదు మిల్లీమీటర్లు, ఎక్కడ కొలిచినా అంతే. ఇత్తడి బద్దలు సాగదీసి పట్టాలు చేశాడు. చక్రాలు మిల్లులోని లేతు మిషను మీద కోయించాడు. ఇంజను మోచెయ్యంత పొడవు. దాని కడుపులో స్పిరిటు దీపం, పైన రాగి బాయిలరు. కంకర ఒకే సైజులో ఉండాలని ఆమె పిండి జల్లెడ తీసుకుపోయి రాతిపొడి జల్లించాడు. జల్లెడ చిల్లులు పడితే, "ఇంకోటి తెచ్చుకో," అన్నాడు. వంగమొక్కలున్నచోట మొదటి స్టేషను లేచింది. ఉతికే బండని పక్కకి దొర్లించేస్తే ఆమె బట్టలు వీధి కుళాయి దగ్గర ఉతుక్కోవడం మొదలుపెట్టింది. వీధివాళ్ళు ఆయన్ని గార్డుగారూ అని పిలవసాగారు. వెనక ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు గాని, ఆ పిలుపు వింటే ఆయన మెడ నిటారయ్యేది.

నిమ్మచెట్టు దగ్గర మాత్రం ఇరకాటం వచ్చింది. అది సరిగ్గా పెద్ద మలుపులో ఉంది. దాన్ని తప్పించి పట్టా వేస్తే మలుపు బిగుసుకుపోయి ఇంజను ఒరుగుతోంది. పైగా ఆకులు రాలి పట్టాల మీద పడితే చక్రాలు జారుతున్నాయి. ఆ చెట్టు ఆమె ఈ ఇంటికి వచ్చిన ఏడాది నాటుకుంది. మధ్యాహ్నం కుట్టు కుట్టి కళ్ళు లాగితే లేచి వెళ్ళి దాని మొదట్లో కాసేపు కూర్చునేది. పెరట్లో ఆమెదంటూ మిగిలింది అదొక్కటే.

"ఆ స్టేషను కాస్త ఇవతలికి జరిపితే చెట్టు మిగులుతుందేమోనండీ," అంది ఒకరోజు.

"నీ సలహా ఎవరడిగారు?" అన్నాడాయన.

ఒక గురువారం ఆమె కుట్టిన చొక్కాలు ఇచ్చిరావడానికి దర్జీ కొట్టుకి వెళ్ళింది. గంటన్నరలో తిరిగొచ్చేసరికి పెరట్లో వెలుతురు ఎక్కువగా ఉంది. ఎందుకో ముందు అర్థం కాలేదు. తర్వాత చూస్తే చెట్టు లేదు. రంపం పట్టిన మిల్లు మనిషి చెమట తుడుచుకుంటున్నాడు. కొమ్మలు గోడకి ఆనించి ఉన్నాయి, వాటికి కాయలింకా వేలాడుతూనే ఉన్నాయి. మొద్దుని ఆయన అప్పటికే చిన్న చిన్న చెక్కలుగా కోస్తున్నాడు.

"నిమ్మ కలప భలే గట్టిది," అన్నాడు ఆమెని చూసి, ఎన్నడూ లేనంత హుషారుగా. "నూట నలభై స్లీపర్లొచ్చాయి. మలుపులో పట్టాల కింద అడ్డంగా పరుచుకుపోతాయి. ఇదిగో, చీర కొంగు దోపుకుని రా, ఇవన్నీ నూనెలో ముంచి ఎండబెట్టాలి."

ఆమె ముంచింది. ఒక్కో చెక్కా వేలెడంత. నూట నలభై చెక్కలూ లెక్కగా ముంచి, మెట్ల మీద వరసగా ఎండబెట్టింది. చేతులకి నూనె వాసన, దానికింద నిమ్మ వాసన. ఏడవలేదు. ఆ సాయంత్రం అన్నం నిమిషం ఆలస్యం కాకుండా వడ్డించింది.

ఆ మర్నాడే ఆయన ఇంజనుకి రంగు తెమ్మన్నాడు. "కొండ లైను ఇంజన్లన్నీ ముదురాకుపచ్చ. నిగనిగలాడాలి. వచ్చే నెల చిన్న రైళ్ళ సంఘం వాళ్ళని పిలిచాను. పట్నం నుంచి వస్తున్నారు."

రంగులు తేవడం ఎప్పుడూ ఆమె పనే. ఆమె హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చింది. ఒకటి ముదురాకుపచ్చ, ఒకటి కొత్త పెంకుల ఎరుపు. ఆకుపచ్చ రంగుని కాలవలో వంపేసి, డబ్బా కడిగి ఆరబెట్టి, ఎరుపుని అందులో పోసింది. మూత మీద పచ్చ అని రాసే ఉంది. మూత అంచు గుడ్డతో తుడిచి ఆయన చేతికిచ్చింది.

ఆయన దుమ్ము పడకుండా సామాన్ల గది తలుపు వేసుకుని వారం రోజులు పట్టి ఆరు పూతలు వేశాడు. పూతకీ పూతకీ మధ్య నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో రుద్దాడు. పని అయ్యాక ఆమెని పిలిచి చూపించి, "ఎలా ఉంది?" అన్నాడు. ముప్పై ఒక్కేళ్ళలో ఆయన ఆమెని అలా అడగడం అదే మొదలు. ఇంజను అప్పుడే కాల్చిన ఇటుకలా ఎర్రగా మెరుస్తోంది.

ఆమె రెండుసార్లు దగ్గింది.

ఆయన తృప్తిగా తలాడించి ఇంజను మీద గుడ్డ కప్పాడు.

సంఘం వాళ్ళు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. వాళ్ళ పెద్ద ఒక పళ్ళ డాక్టరు, మాటకి ముందు నవ్వే రకం. వాళ్ళతో పాటు తెల్లగడ్డం ముసలాయన ఒకడొచ్చాడు. ఒకప్పుడు కొండ లైను మీద నిజం ఇంజను నడిపిన డ్రైవరు. మిల్లు నుంచి పదిమంది, వీధిలోవాళ్ళు, ఆమె ఆడపడుచు, అందరూ గోడ పొడుగునా నిలబడ్డారు. గార్డుగారు ఇస్త్రీ చేసిన తెల్ల కోటు వేసుకున్నాడు. మెడలో ఈల. ఆ రోజు కోసం ఆమె చేత రెండు చిన్న జెండాలు కూడా కుట్టించాడు, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ.

గుడ్డ తీశాడు.

"రంగు కొత్తగా ఉందే," అన్నాడు పళ్ళ డాక్టరు.

"కొత్తేం కాదు, అసలు రంగే. కొండ లైను ముదురాకుపచ్చ. ఆరు పూతలు వేశాను," అన్నాడు గార్డుగారు.

డ్రైవరు ముందుకు వంగి చూశాడు. "ఆ లైను మీద పద్నాలుగేళ్ళు నడిపాను బాబూ. ఇది పచ్చ అంటావేమిటి? ఇది ఇటుక రంగు కదా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన వెర్రిగా చుట్టూ చూసి, "మీ కళ్ళజోడు మార్పించుకోండి తాతగారూ," అన్నాడు. దాంతో అందరూ గొల్లుమన్నారు. పళ్ళ డాక్టరు ఒక్కడే నవ్వలేదు. తల పక్కకి వంచి ఆయన్ని కొత్త దంతం చూసినట్టు చూశాడు. తర్వాత పనిముట్ల పెట్టె మీదున్న జెండాల్లోంచి ఒకటి తీసి పైకెత్తాడు.

"ఏమీ అనుకోకండి గార్డుగారూ, సరదాకే. ఇదేం రంగు?"

అది పచ్చ జెండా.

ఆమె వంటింటి గడపలో టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆయన కళ్ళు జనంలో వెతుక్కుంటూ వచ్చి ఆమె మీద ఆగాయి. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. బజార్లో, పెళ్ళిళ్ళలో, ఆసుపత్రిలో, ముప్పై ఒక్కేళ్ళుగా చూస్తున్నదే. ఆ చూపులో ఆయన వేరే మనిషిలా ఉండేవాడు, రోడ్డు దాటించమని చెయ్యి చాపినవాడిలా.

ఆమె ఒకసారి దగ్గింది.

"ఎరుపు!" అన్నాడాయన, గార్డు గొంతుతో, పెరడంతా వినిపించేలా.

నవ్వులు గోడకి కొట్టుకుని తిరిగొచ్చాయి. మిల్లు వాళ్ళు ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు చరుచుకున్నారు. పళ్ళ డాక్టరు రెండో జెండా ఎత్తాడు, ఎర్రది. ఆయన మళ్ళీ ఆమెవైపు చూశాడు. ముందోసారి ఏదో పొరపాటు జరిగింది, ఈసారి సరిచేస్తుందిలే అన్నట్టు చూశాడు. ఆమె అప్పుడైనా ఆగొచ్చు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. పళ్ళెంలో గ్లాసులు కదలకుండా పట్టుకుని, రెండుసార్లు, స్పష్టంగా దగ్గింది.

"పచ్చ," అన్నాడు.

"ఓరి నీ టైమ్‌కీపరు తెలివి తెల్లారా!" అని మిల్లు ఫిట్టరు పొట్ట పట్టుకున్నాడు. "మరి ఇన్నేళ్ళూ మాకు ఎర్ర పెన్సిలు గుర్తులు ఎలా పెట్టావయ్యా?"

ఇంకొకడు చొక్కా చూపించి ఏ రంగన్నాడు. ఇంకొకావిడ గోడ మీది తీగనుంచి ఆకు తుంచి ఊపింది. ఆయన ఈసారి ఆమెవైపు చూడలేదు. నేలవైపు చూస్తూ, "తెలీదు," అన్నాడు. ఆ మాట విని కూడా నవ్వారు. చివరికి డ్రైవరే గట్టిగా, "చాలించండి. బండి నడిపించనివ్వండి," అని గదమాయించాడు.

ఆయన దీపం వెలిగించాడు. అగ్గిపుల్లలు మూడు వృథా అయ్యాయి. ఆవిరి పట్టాక ఇంజను నాలుగు పెట్టెలు లాక్కుని కదిలింది. వంతెన దాటింది, సొరంగంలో దూరి బయటికొచ్చింది, చెట్టు కొట్టేసిన పెద్ద మలుపులో ఇసుమంత కూడా ఒరగకుండా తిరిగింది. అంత చక్కటి బండి పట్నంలో కూడా లేదని డ్రైవరు తర్వాత ఎవరితోనో అన్నాడట. ఆ పూట మాత్రం బండిని చూసినవాడు డ్రైవరొక్కడే. మిగతావాళ్ళంతా గార్డుగారి ముఖం చూస్తున్నారు.

జనం వెళ్ళాక ఆడపడుచు వంటింట్లోకి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళూ నీ దగ్గర కూడా దాచాడా వదినా? మోసం కాదూ? నీకేం తెలీదా?"

పక్క గదిలో ఆయన కోటు విప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాకేం తెలుసు వదినా," అంది ఆమె. "ఈరోజే తెలిసింది."

తర్వాత వారం ఆయన ఇంజనుకి నల్లరంగు వేశాడు. పెట్టెలకీ, వంతెనకీ, సిగ్నళ్ళకీ, స్టేషన్ల కప్పులకీ అన్నిటికీ నలుపే. డబ్బా తనే కొనుక్కొచ్చాడు. నలుపు తెలుపు తెలుసుకోవడానికి ఎవరి దగ్గూ అక్కర్లేదు. ఆమెని ఒక్క మాట అనలేదు. నిలదీస్తాడని, కనీసం గడియారం వైపు చూస్తాడని ఆమె కాచుకుని కూర్చుంది. అదీ లేదు.

వీధి మాత్రం వదల్లేదు. "గార్డుగారూ, నా చొక్కా ఏ రంగు?" అని అరుగుల మీంచి కేకలు. టీ కొట్టులో ఆయన కూర్చోగానే ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎత్తి చూపించేవాళ్ళు. ఆయన టీ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. మిల్లులో ఆయన్ని గాజు గదిలోంచి తీసేసి గోడౌన్లో వేశారు. ఒకరోజు బజార్లో ఆమె వెనకాలే వస్తోందని ఆయనకి తెలియదు. టమాటా బండి దగ్గర నిలబడి ఒక్కోటీ బొటనవేలితో నొక్కి చూసుకుంటున్నాడు, ఏది పండిందో తెలియక. "నొక్కి నొక్కి చట్నీ చేస్తావేంటయ్యా, కళ్ళు లేవా?" అని బండివాడు కసిరాడు. ఆమె పది అడుగుల దూరంలో ఉంది. దగ్గితే వినిపించే దూరమే. చీపుళ్ళు బేరమాడుతున్నట్టు అటు తిరిగి నిలబడింది. ఆయన సంచిలో సగం పచ్చికాయలే తెచ్చాడు. ఆమె వాటినే కూర చేసి వడ్డించింది. పుల్లగా ఉన్నా మాట్లాడకుండా తిన్నాడు. ఆ తర్వాత కూర కోసం రోజూ పచ్చివే ఏరడం ఆమెకి అలవాటైంది. అలా నెలరోజులు పెట్టింది. ఆయన నెలరోజులూ తిన్నాడు.

వానాకాలం ఒక మధ్యాహ్నం, పెరట్లో పట్టాల మీద నీళ్ళు నిలిస్తే, ఆయన వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఇంజను చక్రాలకి నూనె పెట్టుకుంటున్నాడు. ఆమె కాజాలు కుడుతోంది. అంత దగ్గరగా కూర్చుని ఐదు నెలలైంది. ఆమెకే ఉండబట్టలేదు.

"ఆ రంగు నేనే మార్చాను," అంది.

"తెలుసు," అన్నాడు తలెత్తకుండా.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ వేళే. పచ్చ డబ్బాలో ఎరుపు దానంతటది వచ్చి పడదుగా."

సూది గుడ్డలో దిగి ఆగిపోయింది. ఆయన నూనె గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"రంగు మార్చావంటే అర్థముంది. చెట్టు కొట్టాను కాబట్టి మార్చావు. సరే, చెల్లు. కానీ అందరి ముందూ నీకేసి చూశాను చూడు. రెండుసార్లు చూశాను. అప్పుడెందుకు దగ్గావు?"

ఆమె ఏదో చెప్పాలనుకుంది. చెట్టు గురించి చెప్పాలా, కషాయం గిన్నెల గురించా, గడియారం గురించా, డాక్టరు చెప్పకుండానే తన నెత్తిన రుద్దిన గొడ్రాలితనం గురించా. ఒక్కటీ ఆ ప్రశ్నకి జవాబు కాదనిపించింది.

"దగ్గాలనిపించింది," అంది.

ఆయన తలాడించాడు. "అంతేనన్నమాట." ఇంజను చంకన పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అన్నం తనే వండుకుని సామాన్ల గదిలో తినడం మొదలుపెట్టాడు. పడక కూడా అక్కడికే మార్చుకున్నాడు. ఒకే గోడకి అటూ ఇటూ రెండు కాపురాల్లా అయింది. ఆయన పొద్దున్నే బండి నడిపేవాడు, ఈల లేకుండా, జెండా లేకుండా. ఆమె కిటికీ రెక్క వేసుకుని కుట్టుకునేది.

రెండేళ్ళు గడిచాక అదే ఊళ్ళో ఉన్న చెల్లెలు ఒక పూట చూడవచ్చింది. పెరట్లో బావగారు వంగి పట్టాలు తుడుస్తున్నారు. మరదలు పలకరిస్తే తలూపారంతే. లోపలికొచ్చి అక్క ముందు కూలబడింది.

"ఎన్నాళ్ళే అక్కా ఇలా? వెళ్ళి ఒక్కమాట, తప్పయిందని చెప్పెయ్యరాదూ?"

"చెప్పొచ్చు," అంది అక్క, దారం ఎక్కిస్తూ. "నిజంగా తప్పనిపించాలిగా."

"అనిపించడం లేదా?"

ఆమె ఆలోచించింది. చెల్లెలి ముందు ఎన్నడూ అబద్ధమాడలేదు.

"ఆయన ముఖం గుర్తొస్తే అప్పుడప్పుడు అర్ధరాత్రి లేచి కూర్చుంటాను. అదీ నిజమే. కానీ అందరూ నవ్వారు చూడు, ఆ రెండోసారి దగ్గినప్పుడు... ఎంత బాగుందో తెలుసా? నా జన్మలో అంత హాయి ఎరగను. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ దగ్గుతానే."

కాజాలావిడ చొక్కా తిరగేసి, నాలుగో కాజా దగ్గర సూది గుచ్చింది.